మమ్మల్ని ఏమని పిలవాలో ఎవరు చెప్పాలి?

మా హాస్టల్ వార్షికోత్సవంలో ఏటా తప్పకుండా ఉండే నాటిక ఒకటుంది. దాని పేరు 'కోయదొర జోస్యం'. మేము ఆరో తరగతిలో చేరిన నాటి నుంచి చూస్తున్నాం. నెత్తిన ఈకలు, నడుముకు ఆకులు కట్టుకొని, ఒంటికి మసి పూసుకున్న ఒకడు కర్ర పట్టుకొని వేదిక మీదికి గెంతుతూ వస్తాడు. వచ్చీరాని తెలుగులో వార్డెన్ సార్‌కు ప్రమోషన్ వస్తుందని, వంటాయనకు జీతం పెరుగుతుందని, పదో తరగతి అన్నలందరికీ ఒకేసారి పెళ్లవుతుందని జోస్యం చెబుతాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. ఈ వ్యాసం రాస్తున్న మేము ముగ్గురం కూడా నవ్వినవాళ్లమే. మాలో ఒకడు ఎనిమిదో తరగతిలో ఆ వేషం వేసి ప్రైజు కూడా తీసుకున్నాడు.

ఈసారి ఆ వేషానికి చర్ల వైపు గూడెం నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి తమ్ముణ్ణి అడిగాం. మాది ఎస్సీ పిల్లల హాస్టలే అయినా ఎస్టీలకు, బీసీలకు కొన్ని సీట్లుంటాయి. ఆ తమ్ముడు కోయ. "నీకు భాష వచ్చు గదా, నిజం కోయదొర లెక్కనే ఉంటది" అన్నాం. అది మెచ్చుకోలు అనే అనుకున్నాం. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నేను వెయ్యనన్నా. మా తాత అట్ల ఉండడు" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. అన్నం లైనులో వెనక నుంచి ఎవరో "గుత్తికోయోని లెక్క ఆ అలక ఏందిరా" అన్నారు. అంతవరకు నెమ్మదిగా ఉన్న మనిషికి ఒక్కసారిగా కోపం వచ్చింది. "నేను గుత్తికోయోణ్ణి కాదు" అని అరిచి, పళ్లెం అక్కడే పెట్టి గదిలోకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మరుసటి ఆదివారం సమావేశంలో ఈ విషయం వచ్చింది. ఎక్కువమంది "తమాషాకు వేసే నాటికలో తప్పేముంది, ఎవరినీ తిట్టలేదు గదా" అన్నారు. కొందరు "వాడికి బాధ కలిగింది గదా" అన్నారు. చేతులెత్తించి తేల్చేద్దామని ఒకరు అన్నారు. చేతులెత్తితే ఏం తేలుతుందో అందరికీ తెలుసు. మా హాస్టల్లో కోయ పిల్లలు నలుగురే. వార్డెన్ సార్ ఒప్పుకోలేదు. "ఓటింగు వద్దు. రెండు వారాలు టైమిస్తున్నా. ఒక మాట తిట్టో కాదో ఎవరు తేల్చాలో చదువుకొని రండి" అన్నారు. గ్రంథాలయంలో దొరికినవి, సోషల్ సార్ చెప్పినవి, ఇళ్ల దగ్గర పెద్దలను అడిగి తెలుసుకున్నవి కలిపి రాసిన వ్యాసం ఇది.

మా పేర్ల కథ

ముందు మా సంగతి. మా హాస్టల్ బోర్డు మీద సాంఘిక సంక్షేమ వసతి గృహం అని ఉంటుంది. ఊళ్లో ఆటో అన్నకు అలా చెబితే అర్థం కాదు. 'హరిజన హాస్టలు' అంటేనే తీసుకొస్తాడు. ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదని మాకు తెలుసు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా మాలో ఒకడు కిటికీ వైపు చూస్తూ కూర్చుంటాడు.

ఈ పేర్ల గొడవ ఈనాటిది కాదు. 1917లో బెజవాడలో ఒక మహాసభ జరిగింది. ఏర్పాటు చేసిన సంస్కర్తలు దానికి పెట్టిన పేరు పంచమ మహాసభ. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. నాలుగు వర్ణాలకు బయట ఐదోవాళ్లు అని అర్థం వచ్చే ఆ పేరును ఆయన సభలోనే కాదన్నారు. శాస్త్రాల్లో ఎక్కడా ఐదో వర్ణం లేదని, ఈ నేలకు మొదటి నుంచి ఉన్నవాళ్లం మేమేనని వాదించారు. ఆ సభ 'ఆది ఆంధ్ర' మహాసభగా మారింది. మా ముగ్గురికీ ఈ ఘట్టం ఎంతో నచ్చింది. పిలిచినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పిలిచారు, భోజనం పెట్టారు, కుర్చీ వేశారు. అయినా పేరు మాత్రం మీరు పెట్టినది వద్దు అనడానికి ఎంత ధైర్యం కావాలి!

1922లో మద్రాసు శాసన మండలిలో ఎం.సి.రాజా తీర్మానం పెట్టి, ప్రభుత్వ కాగితాల్లో పరయ, పంచమ అనే మాటలు పోయి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే మాటలు వచ్చేలా చేశారు. నైజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ 'ఆది హిందూ' అనే పేరు కోసం పనిచేశారు. మాదిగల్లోంచి 'అరుంధతీయ' అనే పేరు ముందుకు వచ్చింది. కాబట్టి అప్పుడే మనలో మనకు ఒకే అభిప్రాయం లేదన్నమాట.

ఇది మా ప్రాంతానికి సంబంధం లేని చరిత్ర అనుకోకండి. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో, అంతకుముందు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఖమ్మం వైపు నైజాం. గోదావరికి ఆ ఒడ్డున ఒక ప్రభుత్వం, ఈ ఒడ్డున ఇంకొక ప్రభుత్వం. ఒకే కులం వాళ్లు, పెళ్లి సంబంధాలు కలుపుకున్న వాళ్లే, నదికి అవతల ఒక పేరుతో, ఇవతల మరొక పేరుతో కాగితాలకు ఎక్కారు. మాలో ఒకడి ముత్తాత కాగితంలో 'ఆది ఆంధ్ర' అని ఉంది. ఇంకొకడి తాత కాగితంలో కులం పేరే ఉంది. వాళ్లిద్దరూ వియ్యంకులు.

ఓటు వేసి తేల్చిన పేరు

'హరిజన' అనే మాటను గాంధీజీ 1930ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చారు. 1933లో ఆ పేరుతోనే పత్రిక పెట్టారు. దేవుని బిడ్డలు అని ఆయన ఉద్దేశం. ఉద్దేశం మంచిదే గదా అని మేమూ మొదట అనుకున్నాం.

1938లో బొంబాయి శాసనసభలో స్థానిక సంస్థల చట్టాన్ని సవరించే బిల్లు వచ్చింది. అందులో అంటరాని కులాల వారికి 'హరిజన' అనే పేరు ఖాయం చేయాలని ప్రతిపాదించారు. అంబేద్కర్ పార్టీ సభ్యుడు భావురావు గైక్వాడ్ లేచి, అంటరానివాళ్లు దేవుని మనుషులైతే మిగతావాళ్లు ఎవరి మనుషులు, రాక్షసుల మనుషులా అన్న అర్థం వచ్చేలా అడిగారు. పేరు మా గురించి కాబట్టి మా అభిప్రాయం వినాలన్నది వాళ్ల వాదన. ప్రభుత్వ పక్షం వినలేదు. ఓటింగు పెట్టారు. సంఖ్యాబలం ఉన్నవాళ్లే గెలిచారు. అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు సభ నుంచి బయటికి వచ్చేశారు.

ఇది చదివినప్పుడు మా ఆదివారం సమావేశం గుర్తొచ్చి ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. సార్ ఆపకపోతే మేము కూడా నలుగురు కోయ పిల్లల మీద ఓటింగు పెట్టేవాళ్లమే.

తర్వాతి కథ వేగంగా చెబుతాం. 1982లో కేంద్ర ప్రభుత్వం కుల ధ్రువపత్రాల్లో 'హరిజన' అని రాయవద్దని రాష్ట్రాలకు చెప్పింది. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఈ రోజుల్లో ఆ మాటను పై కులాల వాళ్లు అవమానించడానికే వాడుతున్నారని చెప్పింది. అయితే 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ, మీడియా 'దళిత' అనే మాటకు బదులు షెడ్యూల్డ్ కులం అని వాడాలని సలహా ఇచ్చింది. 'దళిత' మన వాళ్లు పోరాడి తెచ్చుకున్న మాట. ఒకప్పుడు వద్దన్న పేరు మన మీద పెట్టారు. ఇప్పుడు పెట్టుకున్న పేరు వాడవద్దంటున్నారు. రెండు సందర్భాల్లోనూ అడగనిది మనల్నే.

ఇక్కడ మేము దాచకూడని విషయం ఒకటుంది. బూర్గంపాడు వైపు ఉండే మా తాత ఒకాయనకు ఎనభై దాటాయి. ఆయన్ను అడిగితే "హరిజన అంటే తప్పేందిరా, గాంధీ తాత ఇచ్చిన పేరు. ఆ పేరు వచ్చినంకనే మమ్మల్ని బావి కాడికి రానిచ్చిన్రు" అన్నారు. ఆయన దృష్టిలో అది గౌరవం. ఆయన మనవడి దృష్టిలో అది తిట్టు. ఇద్దరికీ ఆ మాట మీద హక్కు ఉంది. మరి ఎవరి మాట చెల్లాలి? పడ్డవాడే తేల్చాలి అని సులువుగా రాసేద్దామనుకున్న మాకు ఇక్కడ పెన్ను ఆగింది. ఆలోచించగా ఒకటి తోచింది. తాత తనను తాను హరిజనుణ్ణి అనుకోవచ్చు, మేము ఆయన్ను సరిదిద్దం. కానీ తాత ఒప్పుకున్నాడు గదా అని పక్కవాడు వచ్చి మనవణ్ణి ఆ పేరుతో పిలవడానికి లేదు.

తిట్టు ఎక్కడ దాక్కుంటుంది?

మా తెలుగు సార్ ఒక చిన్న పరీక్ష పెట్టారు. రెడ్డి గారు, రావు గారు, శర్మ గారు అంటాం. మాదిగ గారు, కోయ గారు, ఎరుకల గారు అని ఎవరైనా అనగా విన్నారా? లేదు. మన పేర్లకు వచ్చేసరికి చివర 'ఓడు' వచ్చి చేరుతుంది, ఆడవాళ్లకైతే 'ది' చేరుతుంది. మాటలో తప్పు లేదు, అది కులం పేరే గదా అని వాదించేవాళ్లు ఈ తోకను చూడరు. సగం అవమానం ఆ తోకలోనే ఉంది. మిగతా సగం గొంతులో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి చూపించలేం.

'కోయదొర' మాట ఇంకా చిత్రం. దొర అంటే ప్రభువు. ఆ లెక్కన అంత గౌరవమైన పేరు ఇంకెవరికీ లేదు. కానీ ఆ మాట వినగానే మన కళ్ల ముందు ఎవరు కనిపిస్తారు? సంతలో వేర్లు, మూలికలు పరిచి జోస్యం చెప్పే మనిషి, సినిమాలో ఈకలు పెట్టుకొని గెంతే మనిషి. చర్ల, దుమ్ముగూడెంలో పోడు చేసుకునేవాళ్లు, మణుగూరు గనుల్లో పనిచేసేవాళ్లు, మా స్కూల్లో లెక్కలు చెప్పే కోయ సారు గుర్తు రారు. కోయ భాషను నాటికలో 'హూ, హా' అనే కేకలుగా మార్చేశాం. అది మన తెలుగులాగే ద్రావిడ భాష. కోయలో నీళ్లను 'ఏర్' అంటారు. మనం పారే నీటిని ఏరు అంటాం. ఇంత దగ్గరి భాష పక్క మంచం మీద నిద్రపోతుంటే మేము నాలుగేళ్లు ఒక్క మాట నేర్చుకోలేదు.

తిట్టిన మాటనే తీసుకొని తలపాగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. మంద కృష్ణ, ఆయన తోటివాళ్లు తమ పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నారు. శర్మ, రెడ్డి ఎలా రాసుకుంటారో అలాగే. అప్పటిదాకా ఊరి బయట కూడా చెప్పుకోవడానికి వెనకాడిన మాట గోడల మీద, కరపత్రాల మీద పెద్ద అక్షరాల్లో కనిపించింది. అంతమాత్రాన అదే మాటను చెరువు గట్టు మీద ఎవరో పళ్లు కొరుకుతూ అంటే తిట్టు కాకుండా పోయిందా? పోలేదు. ఎవరు అంటున్నారు, ఎవరిని అంటున్నారు అనేదాన్ని బట్టి ఒకే మాట రెండు మాటలవుతుంది.

రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా చేసింది కూడా ఇదే. ఆయన హాకీ క్రీడాకారుడు, 1928 ఒలింపిక్స్‌లో భారత జట్టు కెప్టెన్. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి తాను జంగ్లీని అని, అందుకు గర్విస్తున్నానని చెప్పారు. అడవి మనిషి అనే తిట్టును అంత పెద్ద సభలో తన సొంతం చేసుకున్నారు. కానీ రాజ్యాంగం హిందీ అనువాదంలో 'బనజాతి' అనే మాట వాడబోతే ఆయనే అభ్యంతరం చెప్పారు, ఆదివాసీ అనాలని పట్టుబట్టారు. అంబేద్కర్ దానికి వేరే జవాబిచ్చారు. ఆదివాసీ అనేది అందరికీ వర్తించే మాట, చట్టంలో దానికి హద్దు లేదు, షెడ్యూల్డ్ తెగ అంటే జాబితా ఉంటుంది, హక్కు ఎవరికో తేలుతుంది అన్నారు. మాకు ఇద్దరూ సరిగానే కనిపించారు. ఒకరు మనిషి గౌరవం గురించి మాట్లాడారు, ఇంకొకరు ఆ మనిషికి కోర్టులో పనికొచ్చే కాగితం గురించి మాట్లాడారు. ఈ రోజుకూ ప్రభుత్వం తెలుగులో 'గిరిజన' అంటుంది. మా తమ్ముడు మాత్రం "మేము కొండ మీద ఉండం గదన్నా, ఏటి పక్కన ఉంటం. ఆదివాసీ అంటే చాలు" అన్నాడు.

చట్టం ఏమంటుంది?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత ఇందులో రెండు వేర్వేరు నేరాలున్నాయి. నలుగురి కంటపడే చోట కావాలని అవమానించడం, బెదిరించడం ఒకటి. నలుగురి కంటపడే చోట కులం పేరుతో తిట్టడం రెండోది. కోర్టు చూసేది విన్నవాడి బాధ ఒక్కటే కాదు. అన్నవాడి ఉద్దేశం, చోటు, సందర్భం అన్నీ చూస్తుంది. 2008లో సుప్రీంకోర్టు ఉత్తర భారతంలోని ఒక కులం పేరు గురించిన కేసు విన్నది. ఆ మాట మొదట కులం పేరే కావచ్చు, కానీ దాని పుట్టుక చూస్తే చాలదు, ఈనాడు జనం నోట ఎలా వాడుతున్నారో చూడాలి అన్నది. ఇంటి గేటు దగ్గర తిట్టినా నలుగురికీ కనిపించే చోటే అని కూడా చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేని చోట అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో మరో తీర్పు వచ్చింది.

ఇదే ప్రశ్న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ముందుకు 2018లో వచ్చింది. గనిలో పనిచేసే ఒక తెల్ల ఉద్యోగి తోటి ఉద్యోగిని 'నల్ల మనిషి' అన్నాడు. అతను నల్లవాడే గదా, అది ఉన్న మాటే గదా అని అతని తరఫు వాదన. ఆ దేశంలో జరిగినదాన్ని పక్కన పెట్టి మాటను ఒంటరిగా చూడలేమని కోర్టు చెప్పింది, ఆ సందర్భంలో అది అవమానమే అన్నది.

అయితే మన చట్టంలో ఒక మాట చదివి మేము ఉలిక్కిపడ్డాం. నేరం చేసినవాడు ఎస్సీ గానీ ఎస్టీ గానీ కాకూడదు. అంటే మాలాంటి ఎస్సీ పిల్లలు కోయ తమ్ముణ్ణి ఎన్ని మాటలన్నా ఈ చట్టం మా గది తలుపు తట్టదు. మమ్మల్ని కాపాడటానికి వచ్చిన చట్టమే ఇక్కడ మమ్మల్ని వదిలేసింది. కులం పేరుతో తిడితే ఎంత మండుతుందో ఈ హాస్టల్లో మాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. అయినా అన్నం లైనులో ఆ మాట వచ్చింది మా వైపు నుంచే.

ఇంకొక్కటి చెప్పి ఈ భాగం ముగిస్తాం. ఇది మాలాంటి విద్యార్థి గురించి కాబట్టి వదిలేయబుద్ధి కాలేదు. 1928లో అమెరికాలో ఒక హైస్కూలు కుర్రాడు డుబోయిస్ నడిపే 'క్రైసిస్' పత్రికకు ఉత్తరం రాశాడు. నల్లజాతి వారికి 'నీగ్రో' అనే మాట మీ పత్రికే ఎందుకు వాడుతోందని నిలదీశాడు. పేరు మార్చినంత మాత్రాన పరిస్థితి మారదు, పేరుతో కాదు దాని వెనక ఉన్న అన్యాయంతో పోరాడాలి అని డుబోయిస్ జవాబిచ్చారు. డుబోయిస్ చాలా గొప్పవారు. కానీ తర్వాతి తరాలు ఆ కుర్రాడి వైపే నడిచాయి. 2016లో అమెరికా తన చట్టాల్లో మిగిలి ఉన్న ఆ మాటను తీసేసింది.

నాటిక ఏమైంది?

రెండో ఆదివారం మేము ఇదంతా చదివి వినిపించాం. వాదన మళ్లీ మొదలైంది. "ఇట్లయితే ఏ వేషమూ వెయ్యలేం, పోలీసును కూడా ఎగతాళి చెయ్యలేం" అని ఒకరన్నారు. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే పోలీసు ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకుంటే మామూలు మనిషి అయిపోతాడు. మా తమ్ముడు అలా కాలేడు. నాటిక చూసి నవ్విన జనమే మరునాడు బస్సులో అతని పక్కన కూర్చుంటారు.

చివరికి సార్ తమ్ముణ్ణే అడిగారు, నాటిక ఉండాలా వద్దా అని. అందరం 'వద్దు' అంటాడనుకున్నాం. "వద్దని నేనెందుకు చెప్పాలె సార్? మళ్ల నా వల్లనే పోయిందంటరు" అన్నాడు. మేము ఊహించని జవాబు అది. ఎవరు తేల్చాలి అని రెండు వారాలు వెతికాం. తేల్చే భారం మొత్తం ఒక్కడి నెత్తిన పెట్టడం కూడా అన్యాయమేనని తొమ్మిదో తరగతి పిల్లవాడు చెప్పాడు. నాటికను ఆపింది మేమే. ఏటా రాసేది, వేసేది మేమే కాబట్టి ఆపాల్సిందీ మేమే. కార్యక్రమాల పట్టికలో ఆ స్థలంలో తమ్ముడు ఐదు నిమిషాలు కోయ భాషలో తన ఊరి గురించి మాట్లాడతాడు. తెలుగు తర్వాత చెబుతాడట, ముందు చెప్పడట.

తేలనిది

'గుత్తికోయోణ్ణి కాదు' అన్న మాట ఒకటి మిగిలిపోయింది. తమ్ముడికి అంత కోపం ఎందుకు వచ్చింది?

2005లో పక్కనే ఉన్న దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయ్యాక, ఊళ్లు తగలబడి, ప్రాణభయంతో వేలాదిమంది ఆదివాసీలు సరిహద్దు దాటి మన అడవుల్లోకి వచ్చారు. వాళ్లలో మురియా వాళ్లు ఎక్కువ. వాళ్లను ఇక్కడివాళ్లు గుత్తికోయలు అంటారు. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో గోండు వరుసలో మురియా పేరుంది. మన జాబితాలో ఆ పేరు లేదు. అదే మనిషి సరిహద్దు అవతల ఎస్టీ, ఇవతల వలస వచ్చినవాడు. ధ్రువపత్రం రాదు, పట్టా రాదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారి హత్య జరిగింది. అది ఘోరం. మరుసటి ఏడాది ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడింది. కానీ ఆ రోజుల్లో గుత్తికోయలందరినీ పంపించేయాలని ఆ పంచాయతీలో తీర్మానం చేశారు. అప్పటి నుంచి ఆ పేరు వింటేనే జనం అదోలా చూస్తున్నారు. ఆ పేరు తన మీద పడుతుందేమోనని మా తమ్ముడి భయం. మా మీద పడ్డ మాటను మేము అతని మీద వేశాం. అతను దాన్ని అడవి లోపలి వాళ్ల మీదికి తోశాడు.

దసరా సెలవుల్లో తమ్ముడి ఊరికి వెళ్లాం. అక్కడికి మూడు కిలోమీటర్ల లోపల మురియా వాళ్ల గుడిసెలు ఇరవై దాకా ఉన్నాయి. కరెంటు లేదు. ఒక పెద్దమ్మ గుడిసె ముందు ఇప్పపలుకులు ఎండబెడుతోంది. తమ్ముడు మాట్లాడుతుంటే ఆమెకు అర్థమవుతోంది, ఆమె చెప్పేది తమ్ముడికి అర్థమవుతోంది. "వీళ్ల మాట నీకెట్ల వచ్చురా?" అని అడిగాం. "మా మాటనే గదన్నా, కొంచెం వేరె" అన్నాడు. తల వంచుకొని అన్నాడు.

గుత్తికోయ అంటే మీకు బాధనా అని అడిగించాం. ఆమె ఆలోచించి చెప్పింది. అది మీరు పెట్టిన పేరు, మేము మురియా వాళ్లం, కోయితూర్ వాళ్లం. పేరు ఏదైనా ఫరవాలేదు, కానీ ఆ పేరు చెప్పే అధికారులు వచ్చి గుడిసెలు పీకుతారు, అందుకని ఆ మాట వినిపిస్తే పిల్లలు అడవిలోకి ఉరుకుతారు అంది. తమ్ముడు ఇది తెలుగులో చెప్పడానికి రెండుసార్లు ఆగాడు.

తర్వాత ఆమె మా ముగ్గురి వైపు చెయ్యి చూపించి ఏదో అడిగింది. మీరెవరు అంటోంది అన్నాడు తమ్ముడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎస్సీలం అంటే ఆమెకు తెలియదు. కులం పేరు చెప్పాలా, దళితులం అనాలా, తాత చెప్పిన మాట చెప్పాలా? ఎవరికీ నోరు రాలేదు. తమ్ముడే ఏదో చెప్పాడు. ఆమె నవ్వి లోపలికి వెళ్లి సొరకాయ బుర్రలో జావ తెచ్చింది.

తిరిగి వస్తూ దారిలో అడిగాం, మా గురించి ఏం చెప్పావురా అని. "మా అన్నలు అని చెప్పిన" అన్నాడు.